కుడి కొస సొట్టబుగ్గ

పాలిష్ చక్రం ఆగాక కూడా లుయెన్ చెవుల్లో అది కాసేపు తిరుగుతూనే ఉంటుంది. అందుకే ఆ సోమవారం పొద్దున యజమాని క్వీ మొదటిసారి పిలిచినప్పుడు ఆమెకి వినపడలేదు. రెండోసారి అతను "లుయెన్!" అన్నాడు. వెనకాల 'అక్కా' లేదు. అది మాత్రం స్పష్టంగా వినపడింది.

ముక్కుకి కట్టుకున్న గుడ్డ కిందికి లాగి వెనక్కి తిరిగింది. క్వీ చేతిలో ఫోను ఉంది. అతని వెనక, రేకులు కొట్టే ఖియెమ్ బాబాయ్ చేతిలో సుత్తితోనే నిలబడ్డాడు. షెడ్డులో మిగతా వాళ్ళంతా పని చేస్తున్నట్టు నటిస్తూ చెవులు ఇటు పడేశారు.

"ఇది చూడు," అన్నాడు క్వీ.

ఫోనులో వీడియో, అందులో ఒక బంపరు. వాళ్ళు చేసిందే, పాత ప్యూజో కారు ముందు బంపరు, కుడి కొస. ఎవరి గరాజో గాని నేల మీద అన్నం వడ్డించుకు తినొచ్చు, అంత శుభ్రంగా ఉంది. ఒక తెల్లటి వేలు బంపరు మీద మెరుస్తున్న ట్యూబులైటు గీత వెంట నెమ్మదిగా జరుగుతోంది. గీత తిన్నగా వచ్చి వచ్చి, కొస వంపు తిరిగే ముందు, బొటనవేలు పట్టేంత చోట చటుక్కున వంగి, మళ్ళీ తిన్నగా సాగింది. వేలు అక్కడ ఆగి టపటపా కొట్టి చూపించింది.

"ఓ, మన సొట్టబుగ్గ!" అంది లుయెన్, సంతలో చుట్టం కనపడ్డట్టు.

ఆ మాట అనకుండా ఉండాల్సింది.

"సొట్టబుగ్గా? దీనికి పేరు కూడా పెట్టుకున్నారా మీరు?"

ఆ పేరు పెట్టింది లుయెనే. పల్చటి నూలుగుడ్డ మీద అరచెయ్యి ఆనించి రేకు వెంట నడిపితే, కంటికి అందని ఎత్తుపల్లాలు కూడా చేతికి తెలిసిపోతాయి. ఎడమ కొసలన్నీ నున్నగా జారిపోయేవి. కుడి కొసలన్నిటికీ సరిగ్గా ఒకే చోట ఆ చిన్న పల్లం తగిలేది. అది లోపమని ఆమెకి ఎన్నడూ తోచలేదు. కారు చేసిన ఫ్రెంచివాళ్ళు ఊరికే పెట్టి ఉండరు, ఏదో కారణం ఉండే ఉంటుంది అనుకుంది. గాలి తప్పుకోవడానికా? దీపం వెలుగు పక్కకి పడటానికా? అయితే ఎడమవైపు ఎందుకు లేదు? చక్రం మోతలో రోజంతా మాట్లాడే మనిషి దొరకడు కాబట్టి, ఇలాంటి ప్రశ్న ఒకటి తోడుంటే ఆమెకి పొద్దు తెలిసేది కాదు. ఆ చోటికి వచ్చేసరికి చక్రానికి అరిగిపోతుందేమోనని చెయ్యి తేలిక చేసేది. పక్క చక్రాలవాళ్ళకీ అదే నేర్పింది: "అక్కడ నొక్కకండి, అది కారు సొట్టబుగ్గ." పక్కవీధి షెడ్డువాళ్ళ బంపర్లకి అది లేదని తెలిసిన రోజున, పాపం వాళ్ళకి పని రాదని జాలిపడింది కూడా.

"అది కారుకే ఉంది బాబూ," అంది ఇప్పుడు.

"ఏ కారుకి? నువ్వు చూశావా ఆ కారు?"

చూడలేదు. రేకు కోస్తారు, కొడతారు, అతుకుతారు, రుద్దుతారు, మెత్తటి కాగితం చుట్టి పెట్టెలో పెట్టి ఓడెక్కిస్తారు. ఆ బంపరు ఏ కారుకి తగులుకుంటుందో ఆ కారు మొహం హోక్ మోన్ ఊళ్ళో ఆ షెడ్డు కింద పనిచేసేవాళ్ళు చూసింది లేదు, ఒక్క ఖియెమ్ తప్ప.

"కొన్నాయన దగ్గర ఇదే రకం కార్లు మూడున్నాయట. ఒక్కదానికీ ఈ సొట్ట లేదు. మనకి చేతకాకపోతే చేతకాదని చెప్పమన్నాడు."

"అచ్చులోనే ఉందిరా అబ్బాయ్," అన్నాడు ఖియెమ్. "ఆ అచ్చు నేనే పోశాను. మీ నాన్న తన కారు బంపరు విప్పి నా ముందు పెడితే, దాన్ని చూసే పోశాను. ఇదేంటన్నా, ఇక్కడ పల్లంగా ఉంది అని అడిగాను కూడా. 'కారే అంత, ఉన్నది ఉన్నట్టు దించు' అన్నాడు."

క్వీ మొహం మాడిపోయింది. షెడ్డు చివర గోడకి, ఈ పనికి ఆద్యుడని అంతా కొలిచే మూలగురువు పీఠం ఉంది, దాని పక్కనే నిరుడు పోయిన తండ్రి ఫొటో. అటు ఒకసారి చూసి ఇటు తిరిగాడు.

"బాగుంది బాబాయ్. ఆయన లేచొచ్చి కాదని చెప్పలేడుగా. రేకు మీద వెంట్రుకంత తేడా ఉంటే మళ్ళీ కొట్టించిన మనిషి మీదకి ఈ సొట్ట నెట్టేస్తారా? పోయినవాడు దొరికాడు, ఇంక మనకేం!"

ఖియెమ్ సుత్తి తలని చొక్కా అంచుతో తుడిచి, పెట్టెలో పెట్టి, మూత వేశాడు. టోపీ తీసుకుని, "నాకు ఒంట్లో బాగోలేదు," అని ఎవరితోనూ కాకుండా చెప్పి బయటికి నడిచాడు. ఆయన మోపెడ్ స్టార్టయ్యే దాకా షెడ్డులో ఒక్క సుత్తి కూడా మోగలేదు.

క్వీ కోపానికి ఇంక లుయెన్ ఒక్కతే మిగిలింది. "చివరి చెయ్యి నీది. కళ్ళెదురుగా కనపడుతున్న సొట్టని ముద్దుపేరు పెట్టి మరీ దేశాల మీదకి పంపించావు. ఇవాళ్టి నుంచి నువ్వు పెట్టెలు కట్టు. చక్రం మీద ఇంకొకళ్ళు కూర్చుంటారు."

లుయెన్ కళ్ళద్దాలు తీసి, వాటిని తుడిచి, చక్రం పక్కనున్న మేకుకి తగిలించింది. ఏడుపొచ్చింది గాని, మొహం నిండా నల్లటి పొడి ఉన్నప్పుడు ఏడిస్తే చారలు కనపడతాయని ఆపుకుంది. అబద్ధాలకోరని అందరి ముందూ అనిపించుకోవడం ఆమెకి జీవితంలో ఇదే మొదలు. పెట్టెల దగ్గర కూర్చుని బంపర్లకి కాగితం చుడుతుంటే మాత్రం, అవమానం పక్కకి జరిగి, ఆ పాత ప్రశ్నే మళ్ళీ వచ్చి కూర్చుంది. నిజంగా కారుకి లేదా?

*

చక్రం పోయినా ఆ కారుని చూడాలన్న కుతూహలం పోలేదు. కాఫీ బండి ఆవిడని అడిగింది, లాటరీ టిక్కెట్లమ్మే ముసలాయన్ని అడిగింది, చివరికి పెళ్ళిపందిళ్ళు వేసే అతను చెప్పాడు. గో వాప్‌లో థియెప్ అనే ఆయన పాత కార్లు పెళ్ళిళ్ళకి అద్దెకిస్తాడు, ఆయన దగ్గర తెల్ల ప్యూజో ఒకటుంది అని.

ఆదివారం పొద్దున్నే బయల్దేరింది. ఆమె వెళ్ళేసరికి థియెప్ లుంగీలాంటి పొట్టి లాగు ఒకటి వేసుకుని కారు కడుగుతున్నాడు.

"రండి రండి. పెళ్ళి అమ్మాయికా, అబ్బాయికా?"

"పెళ్ళి కాదండీ. మీ బంపరు చూద్దామని వచ్చాను."

ఆయన చేతిలో గొట్టం నీళ్ళు కారుతూనే ఉన్నాయి. "బంపరా? కారు చూడ్డానికొచ్చేవాళ్ళున్నారు, కారులో కూర్చోడానికొచ్చేవాళ్ళున్నారు. బంపరు చూడ్డానికొచ్చినవాళ్ళు మీరే మొదలమ్మా."

లుయెన్ కారు చుట్టూ ఒక ప్రదక్షిణం చేసింది. ఇంత చిన్నదా! బంపర్ల బరువు మోసి మోసి ఆమె మనసులో ఆ కారుని దాదాపు లారీ అంత చేసేసుకుంది. ఇదేమో ఎండలో తలస్నానం చేసిన ముసలమ్మలా ముచ్చటగా ఉంది. దీపాలు కాస్త ఆశ్చర్యంగా చూస్తున్నాయి. రేకు వంపులు ఎక్కడ మొదలై ఎక్కడికి పోతాయో, తను ఇన్నాళ్ళూ రుద్దిన కొస చక్రం పక్కకి ఎలా చుట్టుకుంటుందో చూస్తుంటే, ఎప్పుడూ ఉత్తరాల్లోనే తెలిసిన మనిషి మొహం చూసినట్టనిపించింది. ముందువైపుకి వచ్చి గొంతుక్కూర్చుంది. సంచిలోంచి నూలుగుడ్డ తీసి, అరచెయ్యి కుడి కొస మీద ఆనించి నెమ్మదిగా నడిపింది.

ఉంది. అదే చోట. అదే పల్లం.

"ఉందండీ!" అని అరిచింది. "నేను చెప్పలేదూ! కారుకే ఉంది!"

"ఏముందమ్మా?"

"ఈ సొట్ట! ఇది కారుతోపాటే వచ్చింది కదూ?"

"ఆ సొట్టా? కారుతో ఎక్కడ వచ్చింది, బంపరుతో వచ్చింది. ఈ బంపరు నేను హోక్ మోన్‌లో చేయించాను. అక్కడొక షెడ్డుంది లెండి, మంచి పనివాళ్ళే. ఇదొక్కటి మాత్రం ఎందుకు పెట్టారో తెలీదు. పెళ్ళికూతురు కారు పక్కన నిలబడి ఫొటో దిగితే, బంపరులో ఆ పిల్ల నడుము ఇక్కడికొచ్చేసరికి వంకరపోతోంది. మొన్నొక పిల్ల ఏడ్చినంత పని చేసింది."

లుయెన్ చెయ్యి తియ్యకుండా అలాగే కూర్చుండిపోయింది. బంపరులో తన మొహం కనపడుతోంది. ఆ మెరుపు ఎవరిదో ఆమెకి చెప్పక్కర్లేదు.

"ఆ పాలిష్ పట్టింది నేనేనండీ," అంది చివరికి.

థియెప్ గట్టిగా నవ్వేశాడు, వెంటనే ఆమె మొహం చూసి ఆపేశాడు. గొట్టం కట్టేసి, "ఆగండమ్మా," అని పాక వెనక్కి వెళ్ళి, తుప్పుపట్టిన ఒక పొడుగాటి రేకు ఈడ్చుకొచ్చాడు. "కారుతో వచ్చింది ఇదీ. పారెయ్యబుద్ధి కాక ఉంచాను."

మెరుపు ఎప్పుడో ఊడిపోయి, గోధుమరంగు పొలుసులు లేచి, గరుగ్గా ఉంది. లుయెన్ చెయ్యి నడిపింది. తుప్పు గీరుకుంది, గుడ్డ పీచులు లేచాయి, అయినా కింద వంపు ఎక్కడా తడబడలేదు. ఆ కొస నుంచి ఈ కొసకి సాఫీగా పోయింది. ఇంకోసారి నడిపింది. లేదు.

తిరిగి వస్తూ దారిలో ఖియెమ్ ఇంటి ముందు బండి ఆపింది. ఆయన వాకిట్లో కోడిపుంజుని ఒళ్ళో పెట్టుకుని రెక్కలు తుడుస్తున్నాడు. పని మానేసినవాడి చేతులకి ఏదో ఒకటి కావాలి.

"కారుకి లేదు బాబాయ్. చూసొచ్చాను."

"అయితే నేను అబద్ధమాడానా?"

"మిమ్మల్ని అనడం లేదు."

"మరి ఆ పోయినాయన్నా?"

ఖియెమ్ కోడిని కిందికి దింపాడు. అది నాలుగడుగులేసి ఇద్దర్నీ అనుమానంగా చూసింది.

"ఆయన నాతో అబద్ధమాడటం నేనెరగను," అన్నాడు ఖియెమ్. "నేను వెళ్ళేసరికి బంపరు విప్పేసి, నేల మీద గోనెపట్టా పరిచి దానిమీద పెట్టి ఉంచాడు. అడిగాను. చెప్పాడు. ఆ పల్లం లోతు పక్కకి పోకుండా అచ్చులోకి దించడానికి ఎంత అవస్థ పడ్డానో నీకు తెలుసా? నున్నటి వంపు ఎవడైనా కొడతాడు. అలాంటి పల్లం ప్రతిదానికీ ఒకేలా రావాలంటే చెయ్యుండాలి. దాన్ని చూసుకునే కదే నేను ఇన్నాళ్ళూ మురిసిపోయింది."

"నేనూ అంతే బాబాయ్."

తప్పు తేలినందుకు కాదు, ఇద్దరికీ దిగులు ఆ పల్లం ఎందుకూ కానిదైపోయినందుకు. ఆ మనిషి ఎందుకలా చెప్పాడన్నది మాత్రం ఇద్దరికీ అంతు చిక్కలేదు.

*

మూలగురువు పూజ రోజున ఆ షెడ్డులో చక్రం తిరగదు, సుత్తి లేవదు. పనిముట్లన్నీ కడిగి పీఠం ముందు పేరుస్తారు. ఎంత అలిగినవాడైనా ఆ రోజు రాకుండా ఉండడు కాబట్టి ఖియెమ్ కూడా ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు, వచ్చి క్వీకి వీపు చూపించి ఒక మూల కూర్చున్నాడు. క్వీ పలకరించబోయి మానేశాడు.

క్వీ వాళ్ళమ్మని అందరూ హై పెద్దమ్మ అంటారు. తెల్లవారకముందే వచ్చి కోడి ఉడకబెట్టి, ముద్దగా అతుక్కునే బంకన్నం వండి, పళ్ళు అమర్చి, అందరి మీదా అజమాయిషీ చేస్తోంది. ఆ ఏడాది చేసినవాటిల్లో మంచి బంపరు ఒకటి పీఠం ముందు పెట్టడం ఆ షెడ్డు ఆనవాయితీ. పెద్ద చక్రం మీద కూర్చునేవాళ్ళే దాన్ని మోసుకొచ్చి పెడతారు. ఏటా ఆ పని లుయెన్‌ది. ఈసారి ఆమె స్థానంలో కూర్చున్న అతను ప్యూజో బంపరు మోసుకొస్తుంటే, ఆమె అరటిపళ్ళ గెల సర్దుతున్నట్టు తల దించుకుంది.

"ఏమే లుయెన్, నీ గోళ్ళేంటి అంత తెల్లగా ఉన్నాయి?" అంది హై పెద్దమ్మ. "పెళ్ళికూతుర్లా!"

"ఇప్పుడు పెట్టెలు కడుతున్నాను పెద్దమ్మా."

"పెట్టెలు నువ్వు కట్టడమేంటి?"

లుయెన్ క్వీ వైపు చూసింది. క్వీ అగరొత్తులు వెతుక్కుంటున్నాడు. పెద్దమ్మ ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, ఇది తర్వాత తేలుస్తానన్నట్టు తల పంకించింది. భుజం మీద కండువా తీసి, మొగుడు చేసినట్టే, బంపరు ఈ కొస నుంచి ఆ కొస దాకా తుడవడం మొదలుపెట్టింది. కుడి కొస దగ్గర ఆమె చెయ్యి ఆగింది. వెనక్కి వచ్చింది. మళ్ళీ ఆగింది.

"అయ్యో, ఇది ఇంకా ఉందా!" అని ఫక్కున నవ్వింది.

"ఏది పెద్దమ్మా?" లుయెన్ చేతిలో పళ్ళు అక్కడే వదిలేసి లేచింది.

"ఈ సొట్టే! ఒరేయ్ క్వీ, నీ సొట్టరా! ఇక్కడే ఉంది ఇంకా!"

"ఏంటమ్మా?"

"ఏంటమ్మా ఏంటి, మర్చిపోయావా? మీ నాన్న భోంచేసి కునుకు తీస్తుంటే తాళాలు తీసుకెళ్ళి, కారు నడుపుతానని సిమెంటు తొట్టిని గుద్దావే! అప్పట్లో ఆ కారు అద్దెకి తిరిగితేనే మనకి అన్నం. వీడేమో తలుపు వెనకాల నక్కి, గాలిలో ఆకులా వణికిపోతున్నాడు."

"అమ్మా, ఇప్పుడెందుకవన్నీ..."

"ఉండరా. ఆయన తనకి చేతనైనంత తనే సుత్తితో సరిచేశాడు. మెరుపంతా పెచ్చులూడిపోయింది. కొత్తది కొందామంటే దొరికే రోజులా అవి? ఇదిగో, ఈ ఖియెమ్ తమ్ముణ్ణి పిలిపించాం, ఇలాంటిదొకటి కొట్టిపెట్టమని. తమ్ముడు చూడగానే ఇక్కడ చెయ్యి పెట్టి, 'ఇదేంటన్నా' అన్నాడు. అవునా తమ్ముడూ?"

ఖియెమ్ మూలలోంచి లేచి నిలబడ్డాడు. "అవును వదినా. అడిగాను."

"వాకిట్లో కారు అద్దెకి అడగొచ్చినవాళ్ళున్నారు, ఇరుగుపొరుగున్నారు. ఆయన ఒకసారి తలుపు వైపు చూశాడు. చూసి, 'కారే అంత' అన్నాడు. నేను తర్వాత అడిగాను, అదేంటయ్యా అలా చెప్పావు అని. 'పిల్లాడు ఇంతమందిలో తల దించుకోవాలా? రేపెప్పుడైనా సరిచేయిస్తాలే' అన్నాడు. తర్వాత ఒకళ్ళ వెంట ఒకళ్ళు వచ్చి మాకూ చెయ్యమనడం, ఈ షెడ్డు వెయ్యడం, ఆ గొడవలో పడి మర్చిపోయినట్టున్నాడు. నీకు తెలీదుట్రా? తలుపు వెనకే ఉన్నావుగా!"

క్వీ చేతిలో అగరొత్తులు అంటించకుండానే ఉన్నాయి. "నేను చెవుల్లో వేళ్ళు పెట్టుకున్నానమ్మా," అన్నాడు.

ముందుగా తేరుకున్నది ఖియెమ్. బంపరు దగ్గరికి వచ్చి, పల్లంలో బొటనవేలు పెట్టి, తల అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఒరేయ్ అబ్బాయ్, లోతు పక్కకి పోకుండా, ఒక్కదానికీ తేడా రాకుండా, ఇన్నేళ్ళూ నేను కొట్టింది నీ దెబ్బనట్రా! సముద్రాలు దాటించానురా దాన్ని!"

షెడ్డంతా ఒక్కసారి గొల్లున నవ్వింది. ఆయన కూడా కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతున్నాడు. క్వీ నవ్వలేదు. తండ్రి ఫొటో ముందు నిలబడి అగరొత్తులు అంటించి, చాలాసేపు దణ్ణం పెట్టుకున్నాడు. తర్వాత జేబులోంచి ఫోను తీసి, అందరికీ వినపడేలా, బంపరు కొన్నాయనకి దానిలో సందేశం పెట్టాడు.

"మీరు చూపించిన సొట్ట పనివాళ్ళది కాదండీ. చిన్నప్పుడు కారు తీసి గుద్దింది నేను. కొత్తది చేసి పంపిస్తాం."

ఫోను జేబులో పెట్టుకుని లుయెన్ ముందుకి వచ్చాడు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియనివాడిలా ఆమె తెల్లటి గోళ్ళ వైపు చూశాడు.

"లుయెన్ అక్కా, చక్రం దగ్గరికి రా."

"ఇవాళ చక్రం ముట్టుకోకూడదు బాబూ."

"రేపు. రేపు రా అక్కా."

ఆమె కోపం తెచ్చుకుందామని చూసింది. ఎన్నో మాటలు దాచిపెట్టుకుంది ఇన్నాళ్ళూ, పెట్టెలు కడుతూ. తీరా ఇప్పుడు వాటికన్నా ముందు ఇంకో ప్రశ్న వచ్చి నాలుక మీద నిలబడింది. ఆమె తత్వమే అంత.

"ఇంతకీ, గుద్దినందుకు ఆయన నిన్నేమన్నారు?"

"ఏమీ అనలేదక్కా." క్వీ ఫొటో వైపు తిరిగాడు. "అదే ఆలోచిస్తున్నాను. ఒక్క మాట కూడా అనలేదు."

అతను తల దించుకున్నాడు. లుయెన్ దాచుకున్న మాటలన్నీ దాచుకున్నట్టే ఉండిపోయాయి. ఆ పిల్లాడు తలుపు వెనక చెవులు మూసుకుని నిలబడటం ఆమెకి కళ్ళకి కట్టింది.

"అచ్చులో పల్లం పూడ్చెయ్యనా మరి?" అన్నాడు ఖియెమ్ వెనక నుంచి, ఈసారి మామూలు గొంతుతో.

"పూడ్చు బాబాయ్," అన్నాడు క్వీ. "పూడ్చకముందు ఒక్కటి కొట్టిపెట్టు. కుడి కొస. నాకు కావాలి."

ఖియెమ్ సరేనన్నాడు. హై పెద్దమ్మ ఇంక చాల్లే అన్నట్టు బంకన్నం పళ్ళెం లుయెన్ చేతిలో పెట్టింది. లుయెన్ ఒక ముద్ద విరిచి క్వీ చేతిలో పెట్టింది.

"దానికి పాలిష్ నేను పడతాలే," అంది. "అక్కడ నొక్కను."